మసిమెట్ట వంటశాల

ఏలేశ్వరం దాటి కొండలెక్కే జీపుల వాళ్ళు మసిమెట్ట మలుపు దగ్గర దణ్ణం పెట్టరు. ముక్కు మూసుకుంటారు.

మూడు వైపులా కొండలు, నాలుగో వైపు లోయ. పెన్సిళ్ళలో వేసే నల్లరాయి పడిందని దొరల కాలంలో అక్కడ గని తవ్వారు. వీధి వెలిసింది, పోస్టాఫీసు వచ్చింది. కూలీలకు వండిపెట్టడానికి మా పెద్దాపురం వైపు నుంచి సత్తియ్య వెళ్ళాడు. రాయి అయిపోయాక జనమంతా కిందికి దిగిపోయారు. సత్తియ్య మాత్రం దిగలేదు — ఆ వంటశాలలోనే పోయాడు.

తొలకరి పడితే చాలు, అందులోంచి శవం కుళ్ళిన కంపు. పోయి ముప్పై ఏళ్ళయినా ఆయన ఇంకా కుళ్ళుతూనే ఉన్నాడట. బతికుండగా కూడా ఏ పనీ చురుగ్గా ముగించిన మనిషి కాదంటారు.

అలాంటి మసిమెట్టకి చరిత్ర రాస్తానన్నాడు గణేష్‌బాబు. కాన్వెంట్లో సోషల్ మేష్టారు, వేసవి సెలవులు, ఇంకేం పనుంటుంది? మా ఊరి కంద రైతు తాతాజీకి స్వయానా బావమరిది.

"ఆ పాడుకొంపల చరిత్ర ఎవడిక్కావాలిరా? పో, పోయి అక్కడే చావు!" అన్నాడు తాతాజీ, భోజనాల దగ్గర.

గణేష్ సగం అన్నంలో లేచి వెళ్ళిపోయాడు. వారమైనా జాడ లేదు. ఈలోపు తొలకరి కురిసింది. గణేష్ అక్క సూర్యకళ మొగుడితో మాట మానేసింది. ఆవిడ మాట మానేస్తే తాతాజీకి మామూలుగా పండగే. ఈసారి మాత్రం ముద్ద దిగలేదు. టార్చిలైటు పట్టుకుని బయల్దేరాడు.

జీపతను మలుపులోనే దింపేశాడు. "నేను పైకి రానండి. నడవండి. గాలి నోటితో పీల్చండి."

పొద్దుగూకింది. కప్పుల్లేని ఇళ్ళు... తలుపుల్లేని గుమ్మాలు...

"గణేషూ..." అని పిలుచుకుంటూ వంటశాల వైపు నడిచాడు.

అప్పుడు తగిలింది — కంపు.

చచ్చిన ఎలక కాదు. గేదె కాదు. తీపి కలిసిన కుళ్ళు. నాలిక మీద పేరుకుంటోంది. కండువా ముక్కుకు అదిమాడు. కండువా కూడా అదే కంపు.

వంటశాలలో ఓ మూల జుమ్మని ఈగలు... చీకటి పడ్డాక ఈగలేంటి?

టార్చి వేశాడు.

పగిలిన గచ్చులోంచి — తల!

మెడ దాకా పూడ్చిన తల. జుట్టు లేదు. ఉబ్బి, ముడతలు పడి, కమిలి ఊదారంగుకి తిరిగింది. చుట్టూ తోలు చిరిగి విచ్చుకుంది. లోపల పురుగులు పాకుతున్నాయి.

"ఒరే... నేనన్న మాటకేనట్రా..."

మోకాళ్ళ మీద పడ్డాడు. రెండు చేతులూ చాచి ఆ తలని పొదివి నిమిరాడు. మెత్తగా ఉంది. జిగురంటింది. పైగా...

వెచ్చగా ఉంది!

తాతాజీ పెట్టిన కేక లోయ దాటింది.

"ఎవరండీ అక్కడ?" వెనక లాంతరు వెలుగు. "బావా! మీరేంటి ఇక్కడ?"

గణేష్‌బాబు! అలక తీరక, పక్క గూడెంలో లోవమ్మ ఇంట్లో మకాం వేసి, ఆవిడ చేతి వంట తిని కాస్త ఒళ్ళు కూడా చేశాడు.

తాతాజీ ఆ ముఖాన్నీ, ఈ తలనీ మార్చి మార్చి చూశాడు. "మరి... ఇదెవర్రా?"

"కంద పువ్వండి! సత్తియ్య కూరకని పెరట్లో పాతుకున్న కంద. తవ్వేవాడు లేక గోడ కిందనుంచి లోపలికొచ్చి, గచ్చు పగలగొట్టుకుని మరీ పెరిగింది. ఏటా తొలకరికి పూస్తుంది. ఈగల్ని పిలుచుకోవడానికే ఈ కంపూ, ఈ వెచ్చదనమూ. మీ చేలో ఎప్పుడూ చూళ్ళేదా?"

చూళ్ళేదు. మా వైపు ఎవరూ చూళ్ళేదు. ఏడాది తిరక్కుండా దుంప తవ్వి సంతకెత్తే చేలో, పువ్వు పూసేదాకా ఆగే ఓపికెవరికుంది? ఊహ తెలిసిన దగ్గర్నుంచీ కందాబచ్చలి తిన్న మనిషి, కంద ముఖం చూడడం అదే మొదలు.

"నువ్వే అనుకున్నానురా..." తాతాజీ చేతులు చాచాడు. మోచేతుల దాకా జిగురు. జిగురులో కాళ్ళాడిస్తున్న పురుగులు.

గణేష్ వెనక్కి జరిగాడు. "బావా... ముందు చేతులు కడుక్కోండి."

చేతులు అలాగే చాచి ఉన్నాయి. కళ్ళల్లో నీళ్ళూ అలాగే ఉన్నాయి.

గణేష్‌బాబు ఊపిరి బిగబట్టి, వచ్చి కౌగిలించుకున్నాడు.

తర్వాత చెరో గోడా పట్టుకుని ఇద్దరూ కక్కుకున్నారు.