ఐసుపెట్టెలో వచ్చిన కప్ప

హతుని పొడవు రెండున్నర అంగుళాలు. ఒంటిమీద కత్తిగాటు లేదు, తూటా దెబ్బ లేదు. కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియో మేడమీది రహస్య ఆఫీసులో, గాజుపళ్లెంలో వెల్లకిలా పడి ఉంది శవం.

"కప్పనా మేడమ్?" అన్నాడు సీక్రెట్ ఏజెంట్ రాయమల్లు. పదకొండేళ్ల సర్వీసులో ఇలాంటి మర్డర్ కేసు అతను చూడలేదు.

"నవ్వకు," అంది చీఫ్ హర్షిణి. "చర్మానికి పట్టే ఫంగస్ ఇది. కప్ప నీళ్లు తాగేది తోలుతోనే, సగం ఊపిరి తీసేదీ తోలుతోనే. ఆ తోలు పాడైతే గుండె ఆగుతది. బయటి దేశాలల్ల కప్పలు, వాటి చుట్టాలు సాలమాండర్లు కుప్పలకు కుప్పలు చచ్చినయి. ఇప్పుడు వాల్టర్ అనేటోడు దీన్ని మన చెరువులకు అంటించడానికి దిగిండు. పురుగుమందుల ముఠా వానిది. కప్పలు పోతే పురుగు పెరుగుతది. పత్తి, వరి ఖతం. అప్పుడు వాని మందు తప్ప దిక్కుండదు."

"టార్గెట్?"

"తెల్వదు. ముహూర్తం మాత్రం ఇయ్యాలనే. మంచిర్యాల స్టేషన్ల మన డబుల్ ఏజెంట్ ఉంటది. జల్ది పో."

రాయమల్లుకు ఒళ్లు మండింది. పిడికెడు లేని కప్పమీదా వీళ్ల ప్రతాపం! తలకు పటకా చుట్టి, గుబురు మీసం అతికించి, మరాఠీ విత్తనాల ఏజెంట్ వేషంలో బయలుదేరాడు.

రెండో నంబర్ ప్లాట్‌ఫారం. నల్ల గాగుల్స్, ఎర్ర పట్టుచీర. రోజారాణి అక్కడ నిలబడితే రైలు కోసం వచ్చినవాళ్లు రైలు సంగతే మరిచిపోయారు.

"మృగశిరకు చేపలు దొరికినయా?" అడిగాడు రాయమల్లు.

"ముళ్లే మిగిలినయి," అందామె. కోడ్ సరిపోయింది. "లేటైనవ్. రోగమున్న కప్ప ఐసుపెట్టెల పోయింది. ఆ ఫంగస్ మన ఎండకు ఆగదట. ఊరు రేగులగూడెం. వానలు లేవని ఇయ్యాల కప్పతల్లి ఆడుతున్నరు. సినిమా తీస్తనని నమ్మించి, రోకలికి కట్టే కప్పను వాల్టరే ఇచ్చిండు. ఇంటింటికి దానిమీద నీళ్లు పోస్తరు. ఆ నీళ్లన్నీ మోరీలకెంచి చెర్లకు పోతయి."

రేగులగూడెం రాయమల్లు సొంతూరు. ఏటా అక్కడ రోకలి మోసేది అతన్ని కన్న తల్లి లస్మవ్వ. కొడుకు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్నాడనుకుంటోంది పాపం.

"ఇంతకూ నువ్వెవరి దిక్కు?" అన్నాడు.

"జీతం రెండు దిక్కులా తింటున్న. గని తాగేది గోదారి నీళ్లే గదా. బండెక్కు!"

మధ్యాహ్నం మూడింటికి బండి ఊళ్లోకి దూసుకొచ్చింది. వేపమండలు, పాటలు, రోకలి మధ్యలో గుడ్డలో కట్టిన కప్ప. ఒకామె బిందె ఎత్తింది.

"ఆగుండ్రి!" అరిచాడు రాయమల్లు.

బిందెడు నీళ్లు కప్పమీద పడనే పడ్డాయి. కెమెరా వెనక వాల్టర్ పళ్లన్నీ బయటపెట్టాడు. అయిపోయింది, చెరువు పోయిందనుకున్నాడు రాయమల్లు.

లస్మవ్వ భుజాన రోకలి దించకుండానే గుడ్లురిమింది. "ఎవలయ్యా నువ్వు, కప్పతల్లికి అడ్డమొస్తవ్?"

"అవ్వా, ఆ కప్పకు రోగముంది! ఆ తెల్లోడిచ్చిన కప్ప! మీ కప్పలను సంపి మీకే పురుగుమందు అమ్ముతడట!"

"వాడిచ్చిందా? ఎవడో ఇచ్చిన కప్పకు వాన పడతదా? మా చెర్ల కప్పను మేమే పట్టాలె, మళ్ల ఆడనే విడవాలె. గది మా రివాజు. వాని కప్ప ఐసుల గజగజ వణుకుతుంటే పాపమనిపించి, పొద్దుగాలనే రేకుల కొట్టంల బానల మూసిపెట్టిన."

వాల్టర్ నవ్వు ఆరిపోయింది. కెమెరా పక్కన ఐసుపెట్టెలోంచి ఫంగస్ నింపిన గాజుసీసా ఒకటి లాగి చెరువుకట్ట వైపు పరుగెత్తాడు. "రోజా! షూట్ హిమ్!"

రోజారాణి పిస్తోలు తీసింది. తీరిగ్గా వాల్టర్‌కే గురిపెట్టింది. వాడు ఆగలేదు. కట్టెక్కి సీసా ఎత్తాడు. అంతలో లస్మవ్వ రోకలిని పక్కామె చేతిలో పెట్టి, రాగిచెంబు విసిరింది. అది సరిగ్గా మోకాలి చిప్పకు తగిలింది. వాల్టర్ కూలాడు. సీసా గాల్లోకి లేచింది. రాయమల్లు పటకా విప్పి దూకాడు. నీళ్లకు జానెడు ఎత్తున అది పటకాలో పడింది.

"మా కప్పలను సంపి, మాకే మందమ్ముతవా?" లస్మవ్వ వాల్టర్ మీద నిలబడి అరిచింది. "గీ చెరువు మాది, గీ కప్పలు మావి. మీ దేశంల పొయ్యి చెప్పు!"

తర్వాత బురదలో ఉన్న వేషగాడిని తేరిపార చూసింది. "మీసమూడింది బిడ్డా. ఇన్సూరెన్సోళ్లకు గిసొంటి పనులు గూడ చెప్తరా?"

వారం తిరిగాక హర్షిణి ఫోన్ చేసింది. అప్పటికి రాయమల్లు గొడుగు పట్టుకుని అదే కట్టమీద ఉన్నాడు.

"ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. మీ అవ్వ కొట్టం వేడికి ఫంగస్ ఖతమైంది, కప్ప బతికింది. చెరువు సాఫ్. అవునుగని, ఎనుక ఏందయ్యా గా లొల్లి? నీ మాటే ఇనపడుతలేదు."

"సాక్షులు మేడమ్," అన్నాడు రాయమల్లు చెరువు వైపు చూస్తూ. "అందరూ ఒక్కసారే వాంగ్మూలం ఇస్తున్నరు."