పరాయివాడి జోలపాట

"గ్లేబ్ నికితిచ్, ఇది జోలపాటండీ. మీ వాయింపుకి పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు" అంది అగ్నియా.

గ్లేబ్ పియానో మీంచి చేతులు తీసేశాడు. అతని కోపమంతా ఆ పాట కట్టిన రోదియోన్ మీద. రెండు శీతాకాలాలుగా పీటర్స్‌బర్గ్‌లో ఆమె ఎక్కడ పాడినా పక్కన పియానో వాయించింది తను. ప్రేమిస్తున్నానన్న ఒక్క ముక్క మాత్రం గొంతు దాటి వస్తేగా! ఇంతలో మాస్కో నుంచి ఊడిపడ్డాడు ఆ మహానుభావుడు. నెల తిరక్కుండా ఆమె గొంతుకు కొలతలు తీసి కుట్టినట్టు పాట చేసిచ్చాడు. అందులో "చిన్ని కన్నా" అన్నచోట ఆమె గొంతు వెన్నలా కరిగిపోతుంటే గ్లేబ్‌కి ఒళ్లు మండిపోయేది.

"అయితే రాసినాయన్నే వాయించమనండి" అన్నాడు.

అలాగేనంటూ ఆమె కాగితాలు మడిచింది. గుమ్మం దగ్గర ఆగి, రేపు మధ్యాహ్నం మీ డిమ్కాని ఒకసారి అరువిస్తారా అని అడిగింది. డిమ్కా అతని బూడిదరంగు పిల్లి. ఎందుకని అడిగితే, అలిగినవాళ్లకి చెప్పనంది.

మర్నాడు పిల్లిని బుట్టలో పెట్టుకుని, కాలవ దాటి, ఆమె వెళ్లింది రోదియోన్ ఇంటికే. తన గది కిటికీలోంచి చూసిన గ్లేబ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి పోయింది సరే, పిల్లి కూడానా! టోపీ కూడా పెట్టుకోకుండా మంచులో పరుగెత్తాడు.

తలుపు అవతల అదే పాట, అదే "చిన్ని కన్నా". తోసుకుని లోపలికి వెళ్లాడు.

గదిలో కొత్త ఉయ్యాల, అందులో డిమ్కా. పియానో ముందు రోదియోన్, పక్కన అగ్నియా. పొత్తిళ్లలో పసిబిడ్డతో కుర్చీలో ఒకావిడ. రోదియోన్ భార్యట, నిన్ననే మాస్కో రైలు దిగిందట. అతనికి పెళ్లయిందో లేదో కనుక్కోవాలని ఇన్నాళ్లూ గ్లేబ్‌కి తోచనే లేదు.

"తలుపెయ్యి బాబూ, చలి" అని ఉయ్యాల పక్కనున్న ముసలి దాది విసుక్కుంది. "కొత్త ఉయ్యాలలో ముందు పిల్లి నిద్రపోవాలి. ఆ నిద్రే బిడ్డకి పడుతుంది. ఇదేమో కన్ను మూసి చావదు."

"ఎలా మూస్తుంది? దానికి అలవాటైన చేతులు వేరే" అంది అగ్నియా, గ్లేబ్ వైపు చూడకుండానే.

రోదియోన్ నవ్వి లేచాడు. సిగ్గుతో చచ్చిపోతూ గ్లేబ్ కూర్చున్నాడు. అంత మెత్తగా అతను ఎన్నడూ వాయించలేదు. రెండో చరణం పూర్తికాకుండానే డిమ్కా ముడుచుకుని గుర్రుపెట్టింది.

తిరుగుదారిలో బుట్ట అతనే మోశాడు. వంతెన మీద ఆగి, "చిన్ని కన్నా" అన్నప్పుడు ఎవర్ని తలుచుకునేవారని అడిగాడు. కుళ్లు ఇంకా పూర్తిగా చావలేదు మరి.

"పక్కన కూర్చుని పళ్లు నూరుతున్నవాణ్ణి" అంది.

అప్పుడు బయటపడింది అతని నోటి నుంచి, ఇన్నాళ్లూ రాని ఆ మాట. తడబడుతూ, సగం సగంగా.

ఆమె బుట్ట మీద దుప్పటి సర్దింది. "అయితే డిమ్కాని ఇంకెవరికీ అరువివ్వకు" అంది. "మనింటికీ ఒకరోజు ఉయ్యాల వస్తుంది."