గుమ్మం తొక్కని ప్రకటన

తిత్లీ తుపానుకి వంశధార ఊళ్ళ మీద పడిందే, ఆ మరుసటి ఏడు. కళింగపట్నంలో ఎండుచేపల వాసన మధ్య కూర్చుని బెన్హర్ అనే కుర్రాడు లోకాన్ని బాగుచేస్తున్నాడు.

పని గొప్పదే. దేశదేశాల కుర్రాళ్ళు కలిసి రాసి, ఎవరైనా ఊరికే వాడుకోమని వదిలిన సాఫ్ట్‌వేర్ అది. వచ్చిన పనుల్లో ఏది ఏ కంప్యూటర్‌కి ఇవ్వాలో చూసి పంచిపెడుతుంది. అందులో పాత పంపకం పద్ధతి ఒకటి బెన్హర్ కంటికి ముసలిదైపోయింది. తీసేస్తామని నెట్‌లో ప్రకటన పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. వద్దనకపోతే సరేనన్నట్టేనని వాళ్ళ రివాజు. తీసిపారేశాడు. కొత్తదాని వెంట పరిగెత్తేవాడికి నడుస్తున్నది కంటికి ఆనదు.

కొన్నాళ్ళకి, వానలో ఒకమ్మాయి వచ్చి గుమ్మంలో గొడుగు విదిల్చింది. సగం నీళ్ళు అతని లాప్‌టాప్ మీదే పడ్డాయి.

"బెన్హర్ అంటే నువ్వేనేటి? ఏ నెరిసిన గెడ్డం మాస్టారో అనుకున్నాను."

"మీరు?"

"షాలిని. రాజాం కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ సూస్తాను. కింద నీ పేరూ ఊరూ ఉన్న ఆ కొత్త వెర్షన్ ఏసుకున్నాం. మా పాత మిషన్లకి ఒక్క పనీ రాట్లేదు. పిల్లలు ప్రాజెక్టులు మానీసి తెర ముందు ప్రార్థన సేస్తన్నారు."

"ప్రకటన పెట్టాను కదండీ. ఎవరూ అభ్యంతరం సెప్పలేదు."

"నడుస్తున్నదాని గురించి ఎవడు మాటాడతాడు? ఒక్క గుమ్మం తొక్కావా? ఒక్కర్ని అడిగావా?"

లోపల్నుంచి తల్లి ఎలీసమ్మ అంది, "ఈడు అడగడమా? ఆకలేసినా నోరిప్పడమ్మా. నువ్వు రా, సేపల పులుసున్నాది."

షాలిని తింది. ముల్లు తీస్తూ అతన్ని ఓరగా చూసింది. ఆ ఒక్క చూపుకి, ముసలిదన్న పద్ధతినే బెన్హర్ ఆమె ల్యాబ్ కోసం మళ్ళీ అతికించాడు.

అక్కడితో ఊరుకోవచ్చు. ఎలా నడుస్తుందో చూడాలని ఆదివారం ఆదివారం రాజాం బస్సెక్కాడు. ఆదివారం కాలేజీకి తాళమని తెలియనివాడు కాదు. షాలిని వెళ్ళే చర్చిలో వెనక బెంచీ మీద కూర్చునేవాడు. తర్వాత ఇద్దరూ టీ తాగేవారు. ఆమె వాన వంక, అతని వంక చూసేది. అతను సర్వర్ల గురించి చెప్పేవాడు. పిరికితనానికి కూడా ఎంత చదువు కావాలో.

ఒక ఆదివారం పాస్టర్ లేచి చదివాడు. "ఆదాము గారి కుమార్తె షాలినికి, కోటబొమ్మాళి సంజయ్‌కి వివాహం నిశ్చయమైంది. ఇది మొదటి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయాలి."

పెళ్ళికి ముందు మూడు వారాలు ఇలా చదవడం వాళ్ళ ఆచారం. బెన్హర్ పాటల పుస్తకం అట్ట చూస్తూ కూర్చున్నాడు.

బయట సన్నటి వాన. షాలిని గొడుగు తెరవలేదు.

"ఏటి, అభ్యంతరం లేదా?"

"నీకు ఇష్టమే అనుకున్నాను."

"నాన్న అడిగితే ఎవడి పేరు సెప్పను? నాతో సర్వర్ల గురించి మాటాడతాడు నాన్నా, అని సెప్పనా? నేనూ నోరెత్తలేదు. నోరెత్తకపోతే సరేనన్నట్టే. నీ రివాజే కదా."

ఆమె నడిచిపోతుంటే బెన్హర్ వెనకనుంచి కేకేశాడు.

"ఉన్నాది. నాకు అభ్యంతరం ఉన్నాది."

"నా ఈపుకి కాదు. మా నాన్నకి సెప్పు."

ఇద్దరూ ఇంటికెళ్ళేసరికి ఆదాము అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. బెన్హర్ తడిసిన చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు.

"మావా, ఆలస్యంగా సెప్తన్నాను. షాలినిని నేను సేసుకుంటాను."

"మావంట," అని ఆదాము కూతురి వంక చూశాడు. "రోజూ తిట్టుకుంటావు, ఈడేనా?"

"ఈడే."

"సరే. మరి ఆ సంజయ్ సేసిన తప్పేటి? ఆళ్ళకెవరు సెప్తారు?"

బెన్హర్ చెయ్యి జేబులోకి పోయింది. "ఆళ్ళ నంబరుంటే ఒక మెసేజ్..."

షాలిని గొడుగు నేలకేసి కొట్టింది.

"ఇల్లు వరదలో కొట్టుకుపోతన్నా ఈడు మెసేజ్ పెడతాడే," అన్నాడు ఆదాము.

బెన్హర్ చెయ్యి బయటికి తీశాడు. "లేదు మావా. నేనే ఎల్తాను."

"ఎల్లిరా. ముందు లోపలికొచ్చి అన్నం తిను."

మర్నాడు పొద్దున్నే బెన్హర్ కోటబొమ్మాళిలో బస్సు దిగాడు. దారి నలుగురిని అడిగి, సంజయ్ వాళ్ళ గుమ్మం తొక్కి, తలుపు తట్టాడు.