అన్నయ్య పెట్టిన దిష్టిచుక్క

అన్నయ్యను పట్టపగలు లిఫ్టులో కాల్చేశారు. తమ్ముడికి తనివితీరా ఏడ్చే తీరిక కూడా ఇవ్వకుండా చీఫ్ పిలిపించాడు. డిపార్టుమెంటులో ఆ తమ్ముడి కోడ్‌నేమ్ ముంగిస.

"సరిహద్దు అవతల మనవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు. వాళ్ళ మెసేజులు విప్పే టూల్ రాసింది మీ అన్నే. పాత కాపీ విదేశీ ముఠా చేతిలో పడింది. సోర్స్ కోడ్ నుంచి కొత్తగా బిల్డ్ చెయ్యి. టెస్ట్ చెయ్యి. సర్వర్లో ఇన్‌స్టాల్ చెయ్యి. అందులో ఏ మోసం దూరినా మనవాళ్ళ అడ్రసులన్నీ ముఠాకి చేరతాయి."

"సోర్స్ ఎక్కడుంది సార్?"

"మీ వదిన తెస్తుంది."

వదిన కూడా ఏజెంటే. వేషం మార్చిందంటే కట్టుకున్నవాడు కూడా పోల్చుకోలేడు. ఆరోజు మాత్రం ఏ వేషమూ లేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. లిప్‌స్టిక్‌లో దాచిన చిప్ తీసి మరిది చేతిలో పెట్టింది.

ముంగిస ఫైళ్ళు తెరిచాడు. "తమ్ముడూ, ఇక్కడ వేలు పెట్టకు" అని కోడ్ మధ్యలో అన్నయ్య రాసిన మాట కనిపించింది. తెరమీద ఆ అక్షరాలను వేలితో తడిమాడు. ఎలాగో కంపైల్ చేసి టెస్టులు నడిపాడు. పాస్. పాస్. పాస్. ఒక్కటీ తప్పలేదు.

"ఇంకా చూస్తావేంరా? ఇన్‌స్టాల్ కొట్టు," అంది వదిన.

ఎంటర్ మీదికి వెళ్ళిన వేలు గాల్లోనే ఆగిపోయింది. అన్నయ్య ప్రతి టూల్‌లోనూ కావాలనే ఒక టెస్టు తప్పేలా రాసేవాడు. "అది దిష్టిచుక్కరా. చెరిగిందంటే పరాయి చెయ్యి పడ్డట్టే. అప్పుడు నేను తెచ్చిచ్చినా నమ్మకు," అనేవాడు.

"వదినా, ఇందులో ఒక టెస్టు ఫెయిలవ్వాలి కదా?"

"అదా? తప్పుంటే నువ్వు ఆగిపోతావని సరిచేయించాను."

"ఎవరిచేత?"

వదిన చూపు తలుపువైపు మళ్ళింది. ముంగిస వాచీ బటన్ నొక్కాడు. వరండాలో బూట్ల చప్పుడు మొదలైంది.

"కోడ్ ఇస్తే చాలన్నారురా. మనిషిని చంపుతారనుకోలేదు," అంటూ కూలబడింది. తలెత్తి, "ఆ తప్పు కావాలనే పెట్టానని ఆయన నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

ముంగిస ఆమె చేతులవైపు చూశాడు. అమ్మ పోయాక తనను సాకిన చేతులవి. వాటికి బేడీలు వేస్తుంటే చూడలేక గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు.

ముఠా కలిపినదంతా పీకేసి, మళ్ళీ బిల్డ్ చేశాడు. ఈసారి ఒక టెస్టు తప్పింది. అప్పుడు నిశ్చింతగా ఇన్‌స్టాల్ కొట్టాడు.

"అన్నీ పాసైతే అనుమానం ఎందుకొచ్చిందయ్యా?" అన్నాడు చీఫ్.

ముంగిస కళ్ళు తుడుచుకున్నాడు.

"మా అన్నయ్య సంగతి మీకు తెలీదు సార్. స్కూల్లో కూడా ఏనాడూ అన్నీ పాసవలేదు."