లేబుల్ చెప్పిన అబద్ధం

టైలరమ్మ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. చేతిసంచి పట్టీని వేలికి చుడుతోంది, విప్పుతోంది. సాయంత్రంలోగా తన మీద కేసు పెడతారని డిటెక్టివ్‌తో చెప్పింది.

కొండదారి చూపించే గైడు ఒకడు రెండురోజుల కిందట వానలో, చలికి కొయ్యబారి పడిపోయాడు. ఇంకా స్పృహ రాలేదు. పడిపోయే ముందు, టైలరమ్మ మోసం చేసిందని తోటివాళ్లతో అన్నాడట. కేసు పెడతానంటున్నది అతని భార్య.

"అన్నిటికంటే లోపల వేసుకునే చొక్కా నేనే కుట్టిచ్చాను సార్. ఉన్నితోనే కుట్టాను. నూలైతే చెమటకి తడిసి ఒంట్లో వేడంతా లాగేస్తుందని నాకు తెలీదా?"

"లేబుల్ ఎలా కుడతావమ్మా?"

"మెడ కుట్టులో పెట్టి మిషన్ మీద లాగేస్తాను."

డిటెక్టివ్, ఆయన సహాయకురాలు, టైలరమ్మ ముగ్గురూ గైడు ఇంటికి వెళ్లారు. భార్య చూపు ఫోను మీంచి కదలడం లేదు. వారం పాటు తను పుట్టింట్లో ఉందనీ, ఇల్లు, గుమ్మం దగ్గర నిలబడ్డ తన తమ్ముడే చూసుకున్నాడనీ చెప్పింది. పాత మంచుదెబ్బకి భర్త వేళ్లకి స్పర్శ పోయిందట. అందుకే లేబుల్ చదివి, వరసగా పొరలు వేసుకుంటాడట. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియనివ్వడు.

గైడు ఒంటి మీంచి తీసి ఆసుపత్రివాళ్లు ఇచ్చిన, టైలరమ్మ లేబుల్ ఉన్న చొక్కాలోంచి డిటెక్టివ్ పోగు లాగి వెలిగించాడు. కాలిన కాగితం వాసన. ఉన్నికైతే వెంట్రుకలు కాలిన వాసన రావాలి. టైలరమ్మ ముఖం పాలిపోయింది.

సహాయకురాలికి ఆమెవైపు చూడబుద్ధి కాలేదు. పక్కనే బుట్టలో ఉన్న పిల్లిని నిమురుతూ ఉండిపోయింది. పిల్లి కింద దళసరిగా, అయిదేళ్ల పిల్లకి సరిపోయేంత బూడిదరంగు చొక్కా ఉంది. ఈ ఇంట్లో పిల్లలు లేరు. దాన్ని తీసి డిటెక్టివ్ చేతిలో పెట్టింది. ఆయన కళ్లు మెరిశాయి. అందరినీ కూర్చోమన్నాడు.

"టైలరమ్మ కుట్టిన ఉన్ని చొక్కా ఇదీ. కాగే నీళ్లలో ఉతికితే ఇలాగే ముడుచుకుపోతుంది. మెడ కుట్టులో లేబుల్ కత్తిరించిన తునక మిగిలే ఉంది. తక్కిన లేబుల్ ఈ నూలు చొక్కాకి చేత్తో కుట్టి ఉంది. అంచులు ఎలా అతికాయో చూడండి. అతని వేళ్ల సంగతి తెలిసి, వారమంతా ఇక్కడున్నది ఒక్కడే."

భార్య తమ్ముడు తల దించుకున్నాడు. బావకి చెప్పకుండా ఆ చొక్కా వేసుకుని కొండెక్కాడట. బురదయితే వేడినీళ్లలో ఉతికాడట. అది ముడుచుకుపోతే, అదే రంగు నూలు చొక్కా ఒకటి కొని దానికి ఆ లేబుల్ కుట్టాడట.

"బావ తిడతాడని భయమేసిందక్కా. ఒక్క పొరే కదా, పైన ఇంకా రెండున్నాయి కదా అనుకున్నాను."

"ఈవిడని జైలుకి పంపుతుంటే కూడా నోరు మెదపలేదేంరా?"

ఫోను మోగింది. గైడు కళ్లు తెరిచాడట. తమ్ముడు గబుక్కున లేచాడు.

"నువ్వాగు," అంది అక్క. టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. "ముందు ఆయన మిమ్మల్ని చూడాలి."

టైలరమ్మ ఆ చిన్న చొక్కాని, మెడ కుట్టు పైకి కనిపించేలా మడిచి, వెంట తీసుకెళ్లింది.