సందులో పడ్డ కేక

సముద్రం హోరెత్తిపోతోంది. అయినా ఇసుకలో వల లాగుతున్న ఇరవైమందికీ అలల చప్పుడన్నదే తెలియడం లేదు. అందరి చెవుల్లోనూ బటన్లంత పరికరాలున్నాయి. వాటిలో ఎర్రయ్య మైకులో పాడే లాగుడుపాట ఒక్కటే, రోకటిపోటులా ఠంచనుగా పడుతోంది. ఇంజనీర్ ప్రసూన లాప్‌టాప్ ముందు కూచుని మురిసిపోతోంది.

ఆవిడ చేసిన ఫిల్టర్ ఏమంత బ్రహ్మవిద్య కాదు. చప్పుడుకు తలుపు అనుకోండి. పాట టెంపో పసిగట్టి దెబ్బ పడేచోట తెరుచుకుంటుంది, రెండు దెబ్బల మధ్య మూసుకుంటుంది. ఎంత మెల్లగా తెరవాలో, ఎంత చప్పున మూయాలో తెరమీద గీత గీసి చెప్పొచ్చు. ప్రసూన ఆ గీతను నిటారుగా గోడలా గీసింది. మధ్యలో అలల హోరు తప్ప ఏముంటుంది గనక?

అంతలో, వల లాగడానికి సాయంగా ఒడ్డున పెట్టిన మోటారుకు చుట్టుకుంటున్న తాడులో ఎర్రయ్య అల్లుడు పోలయ్య చెయ్యి చిక్కింది. మోటారు ఆపేసరికి రెండు వేళ్లు పోయాయి.

"మూడుసార్లు అరిసినాను, ఒక్కడికీ ఇనబడ్నేదు," అన్నాడు ఎర్రయ్య ఊరందరి ముందు. "నా గొంతు సచ్చిపోనాది."

ప్రసూన అక్కడే ఉంది. లాప్‌టాప్‌లో దాచిన, ఫిల్టర్ వెయ్యని అసలు రికార్డింగ్ అప్పటికే వినేసింది. మూడు కేకలూ ఖంగుమంటున్నాయి, మూడూ దెబ్బకీ దెబ్బకీ మధ్యనే. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఆ సాయంత్రమే సామాను సర్దుకుని దొంగలా జారుకుంది.

నెల రోజులు సిగ్గుతో కుమిలి, చివరికి తిరిగొచ్చింది. ఎర్రయ్య పాట మానేశాడు. మామ తనని చూసి కూడా అరవలేదన్న కోపంతో పోలయ్య అతనితో మాట్లాడ్డం లేదు.

"దెబ్బకీ దెబ్బకీ మధ్యలోనే ఎందుకు అరిచావు తాతా?" అని అడిగింది ప్రసూన.

"దెబ్బమీదైతే అందరూ హైలెస్సా అంటారు గదమ్మా, నా కేక ఎవుడికి ఇనబడద్ది? ఊపిరి తీసే సందులో అరవాల. ఆ సందు మా పెద్దోళ్లు ఆపద కోసం ఒగ్గేసినారు."

ప్రసూనకు తల కొట్టేసినట్టయింది. "ఆ సందునే నేను మూసేశాను తాతా. ఆరోజే తెలుసు నాకు."

ఎర్రయ్య లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తిట్టినా బాగుండేది. "మా అల్లుడింటికి రా," అన్నాడు.

పోలయ్య ముందు రికార్డింగ్ పెట్టింది. "పోలిగా, సెయ్యి తియ్!" అని మూడుసార్లు ఎర్రయ్య గొంతు. పోలయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మావా, నువ్వు పిలిసినావు," అన్నాడు. తర్వాత ప్రసూనకు టీ తెచ్చి, మిగిలిన మూడు వేళ్లతో గ్లాసు అందించాడు.

"మీ మిషను సల్లగుండాల అమ్మా. మా మావ కేక దాసిపెట్టినాది."

ఎర్రయ్య గుమ్మం దగ్గర నిలబడి ఆవిడకేసి చూస్తున్నాడు. చెప్పమనలేదు, వద్దనలేదు.

ప్రసూన టీ తాగలేకపోయింది. గ్లాసు కింద పెట్టింది.

"ఆరోజు ఆ కేకల్ని మీకెవరికీ వినిపించకుండా చేసింది కూడా ఆ మిషనే, పోలయ్యా," అంది. "దాన్ని చేసింది నేను."