రాండి, ఇంత తిందురు

ఆత్మకూరు దాటినాక అడవి అంచున నడకదారుల పార్కు ఒకటుంది. ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. పెద్ద హంగులేం లేవు. మట్టిదారి, దారి తప్పకుండా చెట్లకు సున్నపు గీతలు, అక్కడక్కడ రాతి బెంచీలు, చివర ఇనుప మెట్ల టవరు. అంతే.

మాఘమాసంలో ఒక ఆదివారం మా యామినిని తీసుకుని పోయినాను. మాది కోయిలకుంట్ల. ఒక్కతే కూతురు. కడప హాస్టలు నుంచి వచ్చేసినప్పటి నుంచి దానికి తిండి సయించదు. పగలు రెండు ముద్దలు, రాత్రికి అర గ్లాసు మజ్జిగ. ఎందుకే అంటే చెప్పదు. మూడు నెలలకు దాని మణికట్టు నా రెండు వేళ్ల మధ్య ఇమిడేటట్లయింది.

డాక్టరమ్మ ఒకటే చెప్పింది. చెట్ల మధ్య తిప్పండి. తినమని వెంటపడొద్దు. తినేటప్పుడు మొహంలోకి చూడొద్దు, చూస్తే ఆపేస్తుంది.

గేటు కాడ వాచరు దాసన్న టికెట్లు చించిచ్చి యామినిని ఎగాదిగా చూశాడు.

"పాప చెయ్యి పట్టుకోక్కా. గాలొస్తే కొట్టుకపోయేట్టుండాది."

"నన్ను గాదన్నా, మా అమ్మను పట్టుకోవాల" అంది యామిని. "చెట్టు అడ్డమొచ్చినా, కొంచెం జరుగప్పా అని మర్యాద చేస్తా నిలబడ్తాది."

దాసన్న నవ్వాడు. నేనూ నవ్వాను. మూడు నెలల తర్వాత అది ఆడిన మొదటి ఎగతాళి. అడవి పని చేస్తాంది అనుకున్నాను.

టవరు చేరేసరికి ఎండ పచ్చబడింది. మెట్లకు నూరడుగుల ఇవతల వెనకానుపు లేని బెంచీ ఒకటుంది. నాకు మోకాళ్ల నొప్పి. కూలబడ్డాను.

"నేను ఎక్కి చూసొస్తా మా. నువ్వీడే ఉండు."

పోయింది. దాని చెప్పుల చప్పుడు ఎండుటాకుల మీద కొంతసేపు వినిపించి ఆగిపోయింది. పక్షులు కూడా లేవు. నేను సంచిలోంచి డబ్బా తీశాను. చిత్రాన్నం, చెనిక్కాయల పొడి. వచ్చేసరికి మూత తీసి పెడితే, ఏమో, ఒక ముద్దన్నా తింటుందని.

మూత తీస్తుంటే నా వెనక ఆకులు నలిగాయి. ఎవరో నడుస్తున్నారు. కట్టెలకొచ్చినోళ్లో, మాలాగా చూడొచ్చినోళ్లో.

మావైపు అన్నం మూత తీస్తే దగ్గర ఎవరుంటే వాళ్లను పిలవాలి. తెలిసినోళ్లయినా, తెలీనోళ్లయినా. వాళ్లు "కానీ మా, ఇప్పుడే తింటిమి" అంటారు. అంతటితో అయిపోతుంది. నిజంగా వచ్చి కూర్చునేవాళ్లు నూటికొకరు. పిలవకుండా తింటే ఆ తిండి ఒంటబట్టదని మా అమ్మ అనేది.

వెనక్కి తిరక్కుండానే అన్నాను.

"రాండి, ఇంత తిందురు."

అడుగులు ఆగాయి.

"కానీ మా" అన్న మాట రాలేదు.

తడిమట్టి వాసన వచ్చింది. వాన పడి నాలుగు నెలలైంది అక్కడ.

బెంచీ మీద, నా వీపు వెనక, ఎవరో కూర్చున్నారు. నా భుజం పక్కనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. అరచెయ్యి చాపి. సన్న మణికట్టు. చిటికెన వేలికి సగం అరిగిన గోరింటాకు. యామిని చెయ్యి. టవరు ఎక్కకుండానే తిరిగొచ్చినట్టుంది.

"పెట్టు మా."

నా గుండె ఝల్లుమంది. సంతోషంతోనే. మొహంలోకి చూడొద్దు అని గుర్తుంది. చూడలేదు. ముద్ద చేసి అరచేతిలో పెట్టాను. చెయ్యి వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది.

"ఇంకొంచెం మా."

పెట్టాను. పెడుతూనే ఉన్నాను. కళ్లలో నీళ్లు. మా ఇలవేలుపుకు మనసులోనే మొక్కుకున్నాను. డబ్బా అడుగున ఇంత మిగిలింది. ముద్ద ముద్దకూ ఆ చెయ్యి చల్లబడుతోంది. గాలికేమో అనుకున్నాను.

అప్పుడు...

"మా! ఎక్కి రా మా! ఈడ్నుంచి చెరువు కనపడ్తాంది!"

తలెత్తాను.

టవరు మీద యామిని. చెయ్యి ఊపుతోంది.

నా భుజం మీద ఇంకో చెయ్యి.

"ఇంకొంచెం... పెట్టు మా."

డబ్బా ఒళ్లోంచి జారింది. లేచాను. తిరిగి చూడకూడదు అనుకుంటూనే తిరిగాను.

నా బిడ్డే. పెదవి పక్కన అన్నం మెతుకు. కళ్ల నిండా నీళ్లు.

"ఆకలైతాంది మా" అంది మెల్లగా. "తినమని నువ్వే కదా అంటివి. తింటే... ఎందుకు లేస్తివి?"

టవరు మీదిది మళ్లీ పిలవలేదు. ఊపే చెయ్యి అట్లనే గాలిలో ఆపి, నన్నే చూస్తోంది. ఇద్దరి మధ్యా నూరడుగులు. ఎవరినడగను? ఏమని అడుగుదును?

మూడు నెలలుగా ముద్ద ముట్టని పిల్ల నా పిల్ల. ఇంత తినేది నాది కాదు. నాకు తోచింది అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని టవరు వైపు పరిగెత్తాను.

వెనక నుంచి ఏడుపు. పెద్దగా కాదు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఏడ్చేటట్లు, గొంతు లోపల్లోపల.

"నన్నిడిసి పోవద్దు మా..."

ఆగలేదు.

మెట్లు దిగొచ్చిన దాని చెయ్యి పట్టుకుని గేటు దాకా పడుతూ లేస్తూ వచ్చాను. దారి పొడుగునా అది ఒక్క మాటా అడగలేదు. ఎందుకు ఏడుస్తున్నావు అని కూడా అడగలేదు.

నేను విడిచొచ్చిందే నా బిడ్డేమో అని, మర్నాడు ఒక్కదాన్నే పోయినాను. మళ్లీ ఇంకో రోజు. బెంచీ కాడ పొద్దుగూకేదాకా కూర్చుని పేరు పెట్టి పిలిచాను. దాసన్న వచ్చి నిలబడ్డాడు.

"మీరిద్దరు పోతిరి, ఇద్దరు వస్తిరి. ఇంకెవురి కోసరమక్కా?"

సంచి తీసుకుని గేటు వైపు నడిచాను. మా ఆయనకూ చెప్పలేదు.

ఈరోజుకు నలభై దినాలు. ఇంట్లో ఉన్న యామిని ఆ రెండు ముద్దలు కూడా మానేసింది. మజ్జిగ లేదు. నీళ్లు తాగగా నేను చూడలేదు. కంచం ముందు కూర్చుంటుంది, నవ్వుతుంది, లేస్తుంది.

నిన్న ఎదురింటి శివకుమారి దాని డ్రెస్సు కొలత తీసింది. ఆమె కుట్టుపని చేస్తుంది. పోయిన నెల తను కుట్టిందే, వీపు మీద దగ్గరకు రావడం లేదు. పక్క కుట్లు రెండూ విప్పింది. అయినా చాలలేదు.

"ఇంత తొందరగా ఒళ్లు చేసింది! ఏం పెడ్తాండావక్కా బిడ్డకు?"



యామిని అద్దంలో నుంచి నా వైపు చూసింది.

"చెప్పు మా" అంది.